బంగాళాదుంప అట్లతో జర్మన్ క్లాసు నడపడం ఎలా?

జర్మన్ ఏ1, అంటే మొట్టమొదటి స్థాయి పాఠాలు చెప్పే టీచర్ల కోసం, టీచర్ లేకుండా నలుగురైదుగురు కలిసి చదువుకుంటున్న స్నేహితుల కోసం ఇది రాస్తున్నాను. ఎంఎస్‌కి వెళ్లేవాళ్లు, నర్సు ఉద్యోగానికి వెళ్లేవాళ్లు, భర్త దగ్గరికో భార్య దగ్గరికో వీసా మీద వెళ్లేవాళ్లు, ఇలా మన దగ్గర జర్మన్ బ్యాచ్‌లకు ఇప్పుడు కొదవ లేదు. వీళ్లలో చాలామందిది ఒకటే ఇబ్బంది. పుస్తకంలో ఖాళీలు చకచకా పూరిస్తారు. నోరు విప్పమంటే మాత్రం గొంతులో వెలక్కాయ పడ్డట్టు నిలబడిపోతారు. వ్యాకరణం రాక కాదు. ఆ మాటతో ఎప్పుడూ ఎవరితోనూ ఏ పనీ చేయించుకోలేదు, అందుకు.

పని చేయిస్తూ భాష నేర్పడం మన దక్షిణాదికి కొత్తేమీ కాదు. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన బెంగళూరు, మద్రాసు వంటి చోట్ల బడుల్లో ఇంగ్లిష్‌ను ఇలాగే నేర్పించి చూశారు. వ్యాకరణ సూత్రాలు పక్కనపెట్టి, పిల్లల చేత మ్యాపులు చదివించడం, రైళ్ల టైమ్ టేబుల్ చూసి లెక్కలు కట్టించడం లాంటి పనులు చేయించారు. బోధన మీద వచ్చే పుస్తకాలు ఇప్పటికీ దాన్ని బెంగళూరు ప్రాజెక్టు పేరుతోనే ప్రస్తావిస్తాయి. ఆ దారినే వంటింటి దాకా తెచ్చింది ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీ. పాల్ సీడ్‌హౌస్ బృందం అక్కడ ఒక డిజిటల్ వంటగది కట్టింది. చాకుకీ గరిటెకీ సెన్సర్లు బిగించారు. విద్యార్థి ఏం చేస్తున్నాడో వంటగదికి తెలిసేది, తర్వాత ఏం చేయాలో ఫ్రెంచ్‌లో అదే చెప్పేది. తర్వాత జర్మన్‌తో సహా మరికొన్ని యూరప్ భాషలకు కూడా ఆ ఏర్పాటు చేశారు.

మన దగ్గర సెన్సర్లు లేవు, అక్కర్లేదు కూడా. ఆ పని ఎదురుగా నిలబడ్డ తోటి విద్యార్థి చేస్తాడు.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి గట్టిగా మనసులో పెట్టుకోండి. నలుగురిని స్టవ్ చుట్టూ నిలబెట్టినంత మాత్రాన జర్మన్ రాదు. నలుగురు తెలుగువాళ్లు ఒక పొయ్యి దగ్గర చేరితే "ఒరేయ్, ఆ గరిటె ఇటివ్వరా" అనుకుంటారు. చాలాసార్లు అదీ అనరు, చెయ్యి చాచి తీసుకుంటారు. నోరు మెదపకుండానే వంట పూర్తవుతుంది, రుచిగానూ ఉంటుంది, భాష మాత్రం ఎక్కడిది అక్కడే ఉంటుంది. అందుకని ఈ క్లాసులో టీచర్ పని వంట నేర్పడం కాదు. అడగందే ఎవరికీ ఏదీ దొరక్కుండా చూడటం. ఒకరి దగ్గర వంటకం రాసిన కాగితం, ఇంకొకరి దగ్గర సరుకులు, మరొకరి చేతిలో చాకు. ఎవరి దగ్గరా అన్నీ ఉండకూడదు. కింద చెప్పినవన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తాయి.

1. వంటకం ఎంచుకోండి

మంచి వంటకం వేరు, క్లాసుకు పనికొచ్చే వంటకం వేరు. కేకులూ బ్రెడ్డూ జర్మనీకి పేరు తెచ్చినవే కానీ మొదటి క్లాసుకు పెట్టకండి. పిండి కలిపి ఓవెన్‌లో పెట్టాక నలభై నిమిషాలు చేయడానికి పనుండదు. పని లేకపోతే మాటా ఉండదు, అందరూ ఫోన్లు తీస్తారు. మాంసం వంటకాలతో ఖర్చు, ఆహార నియమాల చిక్కు రెండూ ఉన్నాయి.

మనకు కావాల్సింది నలభై అయిదు నిమిషాల్లో తేలిపోయేది, ఒకే పని పదేపదే చేయాల్సి వచ్చేది, గిన్నెలూ పనిముట్లూ ఎక్కువ పట్టేది, ఉప్పు కాస్త అటూఇటూ అయినా తినగలిగేది.

పొయ్యి లేని చోట పండ్ల సలాడ్ చేయించండి. జర్మన్లు దాన్ని ఓబ్‌స్ట్‌జలాట్ అంటారు. అరటి, ఆపిల్, నారింజ, నిమ్మరసం, కాస్త చక్కెర. కోయడం, కలపడం తప్ప పని లేదు కాబట్టి మాటలూ తక్కువే అవసరమవుతాయి. భయం పోగొట్టడానికి అది చాలు.

అసలు క్లాసుకు నేను చెప్పేది కార్టోఫెల్‌పుఫర్. తురిమిన బంగాళాదుంపతో వేసే చిన్న అట్టు. రైన్ నది ప్రాంతంలో దీన్నే రైబెకూఖెన్ అంటారు. చలికాలంలో క్రిస్మస్ సంతల్లో వేడివేడిగా, పక్కన ఆపిల్ గుజ్జుతో అమ్ముతారు. మన వాళ్లకు అట్టు వేయడం తెలుసు, బంగాళాదుంప తెలుసు. పని తెలిసిందే కాబట్టి బుర్రంతా భాష మీద పెట్టొచ్చు. తెలియని వంట, తెలియని భాష రెండూ ఒకేసారి నెత్తిన పెడితే విద్యార్థి రెండింటినీ వదిలేస్తాడు.

నలుగురి జట్టుకు కొలతలు ఇవి: అర కిలో బంగాళాదుంపలు, ఒక చిన్న ఉల్లిపాయ, ఒక గుడ్డు, రెండు పెద్ద చెంచాల మైదా, అర చిన్న చెంచా ఉప్పు, వేయించడానికి నూనె. పక్కన పెట్టుకోవడానికి రెండు ఆపిళ్లు ఉడికించి మెత్తగా మెదిపిన గుజ్జు. ఇది ఇంట్లోనే చేసి తెచ్చేయండి. క్లాసులో అదీ చేయించబోతే సమయం చాలదు.

గుడ్డు సంగతి ముందే అడగండి. కార్తీక మాసంలో, అయ్యప్ప మాలల రోజుల్లో గుడ్డూ ఉల్లీ ముట్టనివాళ్లు బ్యాచ్‌లో తప్పకుండా ఉంటారు. రంజాన్ నెలలో పగటి క్లాసు అసలు పెట్టకండి. గుడ్డు లేకుండా చేయడం కష్టమేమీ కాదు. తురిమిన దుంపను గుడ్డలో వేసి గట్టిగా పిండి, ఆ నీళ్లను ఒక గిన్నెలో ఐదు పది నిమిషాలు కదపకుండా ఉంచండి. పైన నీళ్లు తేలతాయి, అడుగున తెల్లగా, ముద్దగా పిండి పేరుకుంటుంది. నీళ్లు మెల్లగా వంపేసి ఆ పిండిని మళ్లీ దుంప తురుములో కలిపితే అట్టు విడిపోదు. గుడ్డు వేసే జట్లకు కూడా ఇదే చెప్పండి. పిండడం, వంపడం, కలపడం అని మూడు క్రియలు అదనంగా చేతికొస్తాయి.

2. గది చూసుకోండి

ఇక్కడ అశ్రద్ధ చేస్తే క్లాసు మధ్యలో కరెంటు పోతుంది. మామూలు ఇండక్షన్ స్టవ్ ఒక్కొక్కటి 2000 వాట్ల దాకా లాగుతుంది, అంటే దాదాపు 9 ఆంపియర్లు. గోడకుండే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. ఏసీకో గీజర్‌కో పెట్టే 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుని అన్ని స్టవ్‌లే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకు రెండు స్టవ్‌లు తగిలించొద్దు. పెద్ద ప్లగ్గు ఒక్కటే ఉంటే ఒక్క స్టవ్ చాలు. జట్లు వంతులవారీగా వేయించుకుంటాయి, వంతు అడగడం కూడా మాటే కదా.

ఎనిమిది నుంచి పన్నెండు మంది ఉంటే బాగుంటుంది. అంతకు మించితే సగం మంది ప్రేక్షకులవుతారు.

3. నేర్పాల్సిన భాషను కుదించండి

ఈ క్లాసులు చప్పబడేది ఎక్కువగా ఇక్కడే. వంటింట్లో కనబడే ప్రతి వస్తువు పేరూ నేర్పాలనిపిస్తుంది. వద్దు. పదిహేను నామవాచకాలు, ఆరేడు క్రియలు, అయిదు వాక్యాలు. అంతే.

జర్మన్ మాటలు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను కానీ, మీ విద్యార్థుల కార్డుల మీద మాత్రం జర్మన్ స్పెల్లింగే ఉండాలి. తెలుగులో రాసుకుంటే ఆ రోజుకు సుఖంగానే ఉంటుంది. పరీక్షలో జర్మన్ అక్షరాలు చూసి గుర్తుపట్టలేరు.

నామవాచకాలను మూడు గుంపులుగా తీసుకోండి, ఎందుకంటే జర్మన్‌లో ప్రతి వస్తువుకూ ముందు డేర్ (పుంలింగం), డీ (స్త్రీలింగం), డాస్ (నపుంసకలింగం) అనే మూడింటిలో ఒకటి తగిలి ఉంటుంది. చెంచా డేర్ లొఫెల్, గిన్నె డీ షుస్సెల్, చాకు డాస్ మెస్సర్. ఇందులో తర్కం వెతకొద్దని ముందే చెప్పేయండి. చెంచా పుంలింగం ఎందుకయిందని అడిగితే జర్మన్ల దగ్గరా జవాబు ఉండదు. చాలామంది టీచర్లు వాడే పద్ధతి ఉంది: డేర్‌కు నీలం, డీకి ఎరుపు, డాస్‌కు ఆకుపచ్చ. రంగు కాగితం ముక్కలను వస్తువులకే అతికించండి. పెనానికి ఎరుపు, టోప్ఫ్ అంటే వంటపాత్రకు నీలం, చాపింగ్ బోర్డుకు ఆకుపచ్చ, తురుము పీటకు ఎరుపు. గంటసేపు ఆ రంగు చూస్తూ, ఆ వస్తువు పట్టుకుంటూ పనిచేస్తే పట్టిక బట్టీ పట్టినదానికంటే బాగా గుర్తుంటుంది.

ఇక వ్యాకరణంలో ఒకే ఒక్క ముక్క తీసుకోండి. "నాకు చెంచా కావాలి" అన్నప్పుడు డేర్ కాస్తా డేన్ అవుతుంది. డీ, డాస్ మారవు. ఏ1 విద్యార్థులు నెలల తరబడి తడబడేది ఈ ఒక్క మార్పు దగ్గరే. వంట క్లాసులో అది పావుగంటలో పాతిక సార్లు దొర్లుతుంది. అందుకే నీలం వస్తువులు కావాలనే ఎక్కువ పెట్టండి.

క్రియల్లో షేలెన్ అంటే చెక్కు తీయడం, రైబెన్ తురమడం, ష్నైడెన్ కోయడం, మిషెన్ కలపడం, బ్రాటెన్ వేయించడం, గేబెన్ ఇవ్వడం, నేమెన్ తీసుకోవడం. చాలు.

వాక్యాలు ఇవి. ఇష్ బ్రౌఖె డేన్ లొఫెల్ (నాకు చెంచా కావాలి). కాన్స్ట్ డు మిర్ బిట్టె డాస్ మెస్సర్ గేబెన్ (చాకు కాస్త ఇస్తావా). వీ ఫీల్ (ఎంత). రైష్ట్ డాస్ (ఇది సరిపోతుందా). నొఖ్ ఐన్‌మాల్, బిట్టె (మళ్లీ ఒకసారి చెప్పండి). వీటిని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. చూసి చదివినా తప్పు లేదు. పదోసారికి చూడటం మానేస్తారు.

నర్సుల బ్యాచ్ అయితే రెండో వాక్యాన్ని కొన్నెన్ జీ మిర్ బిట్టె అని మర్యాదగా అడిగించండి. వాళ్లు పనిచేసేది రోగులతో, పెద్ద డాక్టర్లతో. నువ్వు, మీరు తేడా మనకు పుట్టుకతో వచ్చిందే కాబట్టి దీన్ని వివరించడానికి అర నిమిషం చాలు. ఈ విషయంలో ఇంగ్లిష్ వాళ్లకంటే మనమే నయం.

పరీక్ష కోసమే చదివేవాళ్లు "వంట చేస్తే మార్కులొస్తాయా" అని అడుగుతారు, అడగాలి కూడా. గోథె ఇన్‌స్టిట్యూట్ పెట్టే ఏ1 పరీక్షలో మాట్లాడే భాగం మూడు ముక్కలుగా ఉంటుంది. మొదట తనను తాను పరిచయం చేసుకోవడం, తర్వాత ఒక అంశం మీద ప్రశ్న అడిగి జవాబు చెప్పడం. మూడోది, బొమ్మ ఉన్న కార్డు తీసి దాని గురించి ఎదుటివాళ్లను ఏదో ఒకటి అడగడం, వాళ్లు జవాబివ్వడం. కార్డు మీద గ్లాసు బొమ్మ ఉంటే నీళ్లు అడగాలి, పెన్ను ఉంటే పెన్ను అడగాలి. మనం వంటింట్లో గంటసేపు చేయించేది ఈ మూడో ముక్కే. ఈ మాట వాళ్లకు క్లాసు మొదట్లోనే చెప్పేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

4. వండే ముందు: వినడం, చేయడం, మాట్లాడకపోవడం

పనిముట్లన్నీ ఒక పెద్ద బల్ల మీద పేర్చండి. స్టవ్ వెలిగించొద్దు. మీరు చెబుతారు, వాళ్లు చేస్తారు, నోరు తెరవరు. "నిమ్ డాస్ మెస్సర్." చాకు తీసుకోవాలి. "లేగ్ డాస్ మెస్సర్ ఔఫ్ డేన్ టెల్లర్." చాకును పళ్లెం మీద పెట్టాలి. ముందు మీరే చేసి చూపించండి, తర్వాత ఒకరి చేత, తర్వాత అందరి చేత. చివర్లో తిక్క ఆజ్ఞలు ఇవ్వండి: చెంచాను తల మీద పెట్టు, ఉల్లిపాయను పక్కవాడికివ్వు, గిన్నెలోకి చూడు. నవ్వుతారు. నవ్వినవాడికి అర్థమైందన్నమాట.

ఒంటితో స్పందిస్తూ భాష పట్టించే ఈ పద్ధతిని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ 1960ల్లో ప్రచారంలోకి తెచ్చారు. పసిపిల్లలు మాట్లాడటానికి చాలా ముందే మన మాటలు విని చేస్తారు కదా, పెద్దలకూ అలాంటి మౌనం కొంత కావాలన్నది ఆయన వాదం. పదిహేను ఇరవై నిమిషాలు దీనికి కేటాయించండి. తొందరపడి కుదిస్తే వంట మధ్యలో మళ్లీ తెలుగులోకి జారిపోతారు.

5. పంచండి, విడదీయండి

ఇక అసలు ఏర్పాటు. జట్టుకు నలుగురు, నాలుగు పాత్రలు.

చదివేవాడి దగ్గర వంటకం కాగితం ఉంటుంది. అతను దాన్ని ఎవరికీ చూపించకూడదు, వస్తువులు ముట్టుకోకూడదు. చేసేవాడు చేతులతో పని చేస్తాడు, కాగితం చూడడు. సరుకులవాడు వెనక బల్ల దగ్గర కూర్చుంటాడు, అడిగింది అడిగినంతే కొలిచి ఇస్తాడు. గిన్నెలవాడి దగ్గర పనిముట్లుంటాయి. ఒక్కో దశ కాగానే పాత్రలు మారాలి. మార్చకపోతే బాగా మాట్లాడేవాడు చదివేవాడుగా, సిగ్గరి గిన్నెలవాడిగా చివరిదాకా ఉండిపోతారు.

వంటకం కాగితం ఎలా రాయాలన్నది కూడా ఆలోచించి చేయాల్సిన పనే. జర్మన్ వంట పుస్తకాల్లో "చెక్కు తీయండి" అని ఆజ్ఞలా ఉండదు. "కార్టోఫెల్న్ షేలెన్" అని క్రియను మూల రూపంలోనే వదిలేస్తారు, అంటే "బంగాళాదుంపలు చెక్కు తీయడం" అన్నట్టు. మీ కాగితం మీద కూడా అలాగే రాయండి. చదివేవాడు దాన్ని చూసి ఎదుటివాడికి "షేల్ డీ కార్టోఫెల్న్" అని మార్చి చెప్పాలి. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివేస్తే కుదరదు, అక్కడే బుర్ర పనిచేస్తుంది. కొలతల దగ్గర ఈఎల్, టీఎల్ అనే పొడి అక్షరాలే ఉంచండి. మొదటిది సుమారు 15 మిల్లీలీటర్లు పట్టే పెద్ద చెంచా, రెండోది 5 మిల్లీలీటర్ల టీ చెంచా. జర్మనీలో ఏ పిండి ప్యాకెట్ వెనక చూసినా ఇవే కనిపిస్తాయి.

గిన్నెలవాడి ట్రేలో ఒక తాళంచెవి కూడా పెట్టండి. గిన్నెకు షుస్సెల్, తాళంచెవికి ష్లుస్సెల్. మొదటి హల్లు పక్కన ఒక లకారం దూరితే చాలు, గిన్నె బదులు తాళంచెవి చేతికొస్తుంది. మీరు ఉచ్చారణ గురించి ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. చేతిలో తాళంచెవి పెట్టుకుని నిలబడ్డవాడు తనంతట తానే సర్దుకుంటాడు. ఇక ఆ మాటలోని అచ్చు దగ్గర మన వాళ్లు తేలిగ్గా ఉ అనేస్తారు. ఉ అనేటప్పటిలా పెదాలు గుండ్రంగా చుట్టి, లోపల నాలుకతో ఇ అనమనండి. వచ్చే శబ్దమే అది.

6. వండేటప్పుడు మీరు తగ్గండి

స్టవ్ వెలిగిన క్షణం నుంచి టీచర్ వంట చేయకూడదు, సలహా ఇవ్వకూడదు. చిన్న నోటుబుక్కు పట్టుకుని గోడ పక్కన నిలబడండి. కష్టమే. అట్టు మాడుతుంటే చూస్తూ ఊరుకోవడం మనవల్ల కాదు. అయినా ఊరుకోండి, "డ్రే ఉమ్" (తిప్పు) అని అరవాల్సింది జట్టులోనివాళ్లు.

సవ్యంగా నడిచే జట్టు దగ్గర ఇలా వినబడుతుంది:

"ఇష్ బ్రౌఖె డాస్ లొఫెల్."

గిన్నెలవాడు చేతులు కట్టుకుని నవ్వుతాడు. ఇవ్వడు.

"డేర్ లొఫెల్?"

తల అడ్డంగా ఊపుతాడు. ఈలోగా పక్కనుంచి ఇంకొకరు నీలం కాగితం వైపు వేలు చూపిస్తారు.

"డేన్! డేన్ లొఫెల్, బిట్టె!"

చెంచా వస్తుంది. ఆ గింజులాట జరిగిన పది సెకన్లే ఆ రోజు పాఠం. మీరు మధ్యలో దూరి సరిదిద్దితే అది జరగదు. "డేన్ అనాలి" అని మీరు చెబితే "ఓకే సార్" అంటారు, మళ్లీ అదే తప్పు చేస్తారు.

ఇవ్వకుండా బిగపట్టే అధికారాన్ని గిన్నెలవాడికి ముందే అప్పగించండి. మన పిల్లలకు తోటివాడిని ఆపడం మొహమాటంగా ఉంటుంది, అడిగిందే తడవుగా ఇచ్చేస్తారు. అలా ఇచ్చేస్తే ఆ జట్టుకు ఒక అట్టు కోత అని సరదాగా ఒక జరిమానా పెట్టండి.

తెలుగు మాట్లాడొద్దని మరీ బిగించకండి. స్టవ్ దగ్గర జర్మన్, గది తలుపు దగ్గర తెలుగు అని చోటును బట్టి విడదీయండి. ఎవరికైనా ఏమీ అర్థం కాకపోతే తలుపు దగ్గరికి వెళ్లి అడిగి రావచ్చు. మళ్లీ మళ్లీ నడవడం విసుగనిపించి వాళ్లే తగ్గిస్తారు. ఒక్క మినహాయింపు: కాలుతుందన్నప్పుడు, తెగుతుందన్నప్పుడు ఏ భాష నోటికొస్తే ఆ భాష. "ఫోర్‌జిష్ట్, హైస్" అని గుర్తు తెచ్చుకునేలోపు చెయ్యి కాలుతుంది.

వంట విషయంలో మీరు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. తురిమిన దుంప గాలికి నల్లబడుతుంది కాబట్టి తురమడం, పిండడం, కలపడం ఆగకుండా సాగాలి. అందుకే ఉప్పు, మైదా ముందే కొలిపించి పెట్టించండి. ఈ తొందర మంచిదే, ఆలోచించి వాక్యం అల్లుకునే తీరిక ఉండదు. పెనం మీద నూనె బాగా వేడెక్కాకే పిండి వేయాలి, లేకపోతే నూనె పీల్చేస్తుంది. అట్లకాడతో పల్చగా అదిమి, మధ్యస్థం మంట మీద ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు. అంచులు గోధుమరంగులోకి వచ్చేదాకా తిప్పొద్దు, విరిగిపోతాయి. అర కిలోకు ఎనిమిది దాకా అవుతాయి.

మీ నోటుబుక్కులో తప్పులన్నీ రాయకండి. ఒకే తప్పు ముగ్గురి నోట వినబడితే అది రాసుకోండి. ఎవరైనా బ్రహ్మాండంగా ఒక వాక్యం అంటే అదీ రాసుకోండి, పేరుతో సహా.

7. తినేటప్పుడు క్లాసు ఆపేయకండి

వంట అయిపోగానే అందరూ తెలుగులోకి దూకేస్తారు. కూర్చుని, అందరి పళ్లేల్లో పడ్డాక, "గూటెన్ అపెటీట్" అనుకుని అప్పుడు మొదలుపెట్టాలి. జర్మన్ల భోజనాల బల్ల దగ్గర ఆ మాట అనకుండా ముందే నోట్లో పెట్టుకుంటే ఎబ్బెట్టుగా చూస్తారు, ఇది ఇక్కడే అలవాటు చేసేయండి.

మూడు ముక్కలు చాలు. ఎస్ ష్మెక్ట్ గూట్ (బాగుంది). ట్సు జాల్ట్సిష్ (ఉప్పెక్కువైంది). నొఖ్ ఐనెన్, బిట్టె (ఇంకొకటి వేయండి). ఆపిల్ గుజ్జుతో అట్టు తినమంటే మన వాళ్ల మొహాలు చూడాలి. తీపితో నంజుకోవడం చాలామందికి మింగుడుపడదు. బ్యాగులోంచి టమాటా పచ్చడి సీసా బయటికొస్తే రానివ్వండి, కాకపోతే దాన్నీ జర్మన్‌లో అడిగి తీసుకోవాలి. ముందు ఒక్క ముక్కైనా గుజ్జుతో తినమనండి. రేపు అక్కడ సంతలో స్నేహితులు కొనిచ్చేది అలాగే ఉంటుంది.

అంట్లు తోమడం కూడా క్లాసులో భాగమే. జర్మనీలో మన విద్యార్థులు ఎక్కువమంది నలుగురైదుగురు పంచుకునే ఇళ్లలోనో హాస్టళ్లలోనో ఉంటారు, వంటగది ఉమ్మడి. అక్కడ తగువులొచ్చేది సింకు దగ్గరే. ఎవరు కడుగుతారు, ఎవరు తుడుస్తారు, చెత్త ఎవరు తీస్తారు అని రాసి గోడకు అంటించుకునే పట్టికను పుట్స్‌ప్లాన్ అంటారు. మీ క్లాసులోనూ ఒకటి రాయించండి. "ఇష్ వాషె అబ్" (నేను కడుగుతాను), "డు ట్రాక్‌నెస్ట్ అబ్" (నువ్వు తుడువు) అని ఎవరి వంతు వాళ్లు పైకి చెప్పి సంతకం పెట్టాలి. క్రియ నుంచి విడిపోయి చివర్లో వచ్చే ఆ "అబ్" జర్మన్‌లో ఏడిపించే వ్యవహారం, సింకు దగ్గర అది సూత్రంలా అనిపించదు.

8. వండాక రాయించండి

చివరి అరగంట బల్లలు తుడిచి పుస్తకాలు తీయించండి. ముందు బోర్డు మీద మీ నోటుబుక్కులోని తప్పు వాక్యాలు నాలుగైదు, ఎవరివో చెప్పకుండా రాయండి. వాళ్లే సరిచేయాలి. తర్వాత మంచి వాక్యాలు, వాటికి మాత్రం పేర్లు చెప్పండి.

ఆ తర్వాత కొత్త బ్యాచ్ అయితే వంటకాన్ని ఆజ్ఞల రూపంలో తిరగరాయమనండి. ఏ1 చివరికొచ్చిన బ్యాచ్ అయితే జరిగిపోయినట్టు రాయించండి: "వీర్ హాబెన్ డీ కార్టోఫెల్న్ గెషేల్ట్" (మేం బంగాళాదుంపలు చెక్కు తీశాం). గతకాలం చెప్పడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. జరిగినది కళ్ల ముందే ఉంది, పళ్లేల్లో కొంచెం మిగిలి కూడా ఉంటుంది.

మార్కులు వేయాల్సి వస్తే అట్టుకు వేయకండి. ఒక్కొక్కరు సొంతంగా ఎన్నిసార్లు అడిగారు, అర్థం కానప్పుడు తెలుగులోకి జారకుండా "నొఖ్ ఐన్‌మాల్" అన్నారా లేదా, ఇవి చూడండి. అట్టు మాడ్చిన జట్టే ఎక్కువ మాట్లాడిందని తేలడం మామూలే.

ఆన్‌లైన్ క్లాసు అయితే

ఎవరి వంటింట్లో వాళ్లు, ఫోన్‌లో వీడియో పెట్టుకుని చేయొచ్చు కానీ వస్తువులు పంచే కిటుకు పోతుంది. మిగిలేది సమాచారం పంచడం ఒక్కటే. ఇద్దరిద్దరిని జత చేసి, సగం వంటకం ఒకరికి, సగం ఇంకొకరికి పంపండి. పండ్ల సలాడ్ దాటి వెళ్లకండి. నూనె పెనం, ఫోను, పరాయి భాష మూడూ ఒక్క మనిషి చేతిలో వద్దు.

రెండో క్లాసులో తలకిందులు చేయండి

మొదటిసారి జర్మన్ వంటకం వండారు. రెండోసారి విద్యార్థులనే టీచర్లను చేయండి. ఒక జట్టు ఉప్మా, ఇంకో జట్టు నిమ్మకాయ పులిహోర. వంటకం జర్మన్‌లో వాళ్లే రాసుకుని వచ్చి పక్క జట్టు చేత వండించాలి. ఆవాలు చిటపటలాడటం, కరివేపాకు రెబ్బ, తాలింపు వంటివాటి దగ్గర ఇరుక్కుంటారు. ఇరుక్కోనివ్వండి. నూనె వేడి చేసి, చిన్న నల్లగింజలు వేసి, చప్పుడు వచ్చేదాకా ఆగు అని వచ్చిన నాలుగు ముక్కలతోనే నెట్టుకు రావాలి. ఉమ్మడి వంటగదిలో పక్క గది జర్మన్ కుర్రాడు వచ్చి "వాస్ ఇస్ట్ డాస్" (ఏమిటిది) అని గిన్నెలోకి తొంగిచూసినప్పుడు చెప్పాల్సింది కూడా ఇదే. డిక్షనరీ తీయనివ్వకండి, మొదటి పది నిమిషాలైనా.